మెత్తని చెయ్యి

"ఊపిరి బిగపట్టండి. కదలకండి. అయిపోయింది, వదిలెయ్యండి."

రోజుకి ఇరవైసార్లయినా అనే మాటలివి. పద్నాలుగేళ్ళుగా అంటూనే ఉంది. ఆసుపత్రి మొదటి అంతస్తులో, లిఫ్టు పక్కన ఉన్న మామోగ్రామ్ గదిలో ఆమె టెక్నీషియన్. రొమ్ములో క్యాన్సర్ ఏమైనా మొదలవుతోందా అని చూసే ఎక్స్‌రే తీయడం ఆమె ఉద్యోగం. తోటివాళ్ళు ఆమెకు పెట్టుకున్న పేరు ఇనపచెయ్యి. వెనకాల అనుకునే పేరే, అయినా ఆమెకు తెలుసు. తెలిసీ కోపం లేదు. లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ పనే అలాంటిది మరి. రొమ్మును కింది పలక మీద పరిచి, పైనుంచి గాజులాంటి ఇంకో పలక దించి నొక్కాలి. ఎంత పలచగా పరుచుకుంటే లోపలున్నది అంత విడివిడిగా కనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యం, వెనక ఛాతీ కండరం దాకా ఉన్నదంతా చేత్తో ముందుకు లాగి పలక మీదికి తేవాలి. లాగినప్పుడు నొప్పి, నొక్కినప్పుడు ఇంకా నొప్పి. వచ్చినవాళ్ళలో ఏడ్చేవాళ్ళున్నారు, శాపనార్థాలు పెట్టేవాళ్ళున్నారు. "నువ్వూ ఆడదానివే కదమ్మా, జాలి లేదా?" అని నిలదీసిన ముసలావిడ కూడా ఉంది. "జాలి ఉంది కాబట్టే నొక్కుతున్నానండీ" అంటూ పక్కనున్న చక్రాన్ని మరో అరచుట్టు బిగించింది ఆమె.

ఒక్కో పక్కకి రెండు పటాలు. ఒకటి పైనుంచి, ఒకటి వాలుగా. తీశాక స్క్రీను మీద కొలిచి చూసుకోవాలి. చనుమొన నుంచి వెనక కండరం దాకా రెండింటిలోనూ దూరం ఇంచుమించు సమానంగా రావాలి. సెంటీమీటరు మించి తేడా వచ్చిందంటే ఒక పటంలో వెనకభాగం తెగిపోయినట్టే. మళ్ళీ తీయాలి. వచ్చినావిడ బట్టలు కట్టేసుకుని గుమ్మం దాటినా సరే, వెనక్కి పిలిచి తీసేది ఇనపచెయ్యి. పటం మూలన సీసపు బిళ్ళ నీడలో ఆమె నంబరు పడుతుంది. ఏడు. ఆ ఏడు కనిపిస్తే పటాలు చదివే డాక్టరమ్మకి ధైర్యం.

అంతటి మనిషి ఒక్కరి దగ్గర, ఒక్కసారి చెయ్యి మెత్తబడింది. ఆ ఒక్కరూ ఆమె అక్క.

అక్క దర్జీ. ఆసుపత్రికి నాలుగు వీధుల అవతల చిన్న షాపు, రెండు మిషన్లు, నిలువుటద్దం, ఒక తెర. ఆడవాళ్ళ బట్టలే కుడుతుంది. వాళ్ళ అమ్మ పోయేనాటికి అక్కకి పదహారు, చెల్లెలికి పది. అక్క తన గౌన్ల కుట్లు విప్పి చెల్లెలికి సరిపోయేలా కుట్టింది, కుట్టిన డబ్బుతో చదివించింది. బావ పెళ్ళైన ఆరేళ్ళకే పోయాడు. పిల్లలు లేరు. పిల్లయినా పాపయినా ఈ చెల్లెలే.

అలాంటి అక్కని యాభై నిండాక నాలుగుసార్లు పోరి, మామోగ్రామ్‌కి తీసుకొచ్చింది. అక్క ఆసుపత్రి గౌను తొడుక్కుని ముందు దాన్ని తిట్టింది. "ఎవడే దీన్ని కుట్టింది? సంచీకి చేతులు తగిలించినట్టుంది. వీడి చేతులు విరగ!" అంటూ అద్దంలో అటూ ఇటూ తిరిగి నవ్వింది. పలక దగ్గర నిలబడ్డాక నవ్వు పోయింది. భుజాలు బిగుసుకున్నాయి. పై పలక దిగగానే "అమ్మో!" అని వెనక్కి జరిగింది.

"కదలకే అక్కా. ఒక్క నిమిషం."

"చచ్చిపోతానే బాబూ. ఆపెయ్యవే."

అక్క గొంతులో అంత బేలతనం ఆమె అదివరకు ఎప్పుడూ వినలేదు. చెయ్యి దానంతట అదే చక్రం మీదికి పోయింది. రెండు చుట్లు వెనక్కి తిప్పింది. "ఇప్పుడెలా ఉంది?" అంది. "హాయిగా ఉంది" అంది అక్క. అలాగే తీసేసింది.

స్క్రీను మీద చూడగానే తెలిసింది. ఎడమ పక్క పైనుంచి తీసిన పటం కురచగా ఉంది. కొలవనక్కర్లేదు, రెండు వేళ్ళ తేడా కంటికే కనిపిస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే అక్క అప్పటికే జాకెట్టు తొడుక్కుని కొంగు సర్దుకుంటోంది. "అమ్మయ్య, అయిపోయింది. దీనికా నేను ఇన్నాళ్ళూ హడలిచచ్చింది!" అంటోంది. మళ్ళీ గౌను తొడుక్కోమనడానికి నోరు తెరిచింది చెల్లెలు. అక్క మొహం చూసి మూసేసింది. పర్లేదులే, వచ్చే ఏడు ఎలాగూ తీస్తాం కదా అనుకుని, పంపించే మీట నొక్కేసింది.

రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. మరుసటి ఏడు, షాపులో పెళ్ళిళ్ళ సీజన్ పని ఉందని అక్క రాలేదు. చెల్లెలూ పోరలేదు.

అక్క నోట్లో నువ్వుగింజ నానదు. షాపుకి కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. "యాభై దాటాయిగా, ఆ ఎక్స్‌రే తీయించుకున్నావా? మా చెల్లెలి దగ్గరికి వెళ్ళు. దాని చెయ్యి వెన్నపూస. నొప్పన్నదే తెలీదు." టేపు మెడలో వేసుకుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని మరీ చెప్పేది. ఆవిడ మాట మీద వెళ్ళినవాళ్ళు పదిమంది పైనే. ఇనపచెయ్యి వాళ్ళని అందరినీ నొక్కినట్టే నొక్కింది. పరాయివాళ్ళు కదా, పని సరిగ్గా చేసింది.

మొదటి ఎక్స్‌రే తీసిన రెండేళ్ళకి అక్క తనకోసం ఒక జాకెట్టు కుట్టుకుంది. ఎడమవైపు గుడ్డ సరిగ్గా కూర్చోలేదు, ఒకచోట లోపలికి లాగినట్టుంది. కుట్టు తప్పనుకుని విప్పింది. మళ్ళీ కుట్టింది. మళ్ళీ అదే లాగుడు. "ముప్ఫై అయిదేళ్ళ నుంచి కుడుతున్నాను, నాకే కటింగ్ రాకుండా పోయిందా" అని విసుక్కుంటూ రెండోసారి విప్పేసింది. మూడోసారి జాకెట్టు లేకుండా అద్దం ముందు నిలబడింది. గుడ్డలో లేదు తప్పు. చర్మమే ఒకచోట సొట్టపడి లోపలికి పోయింది.

అప్పటికి ఆసుపత్రిలో కొత్త యంత్రం వచ్చి ఎనిమిది నెలలైంది. పాత యంత్రం రొమ్మునంతటినీ ఒకే పటంగా తీస్తే, ఇది రొమ్ము మీదుగా విల్లులా తిరుగుతూ పొరలు పొరలుగా తీస్తుంది. అక్కలాంటి వాళ్ళకి అదే కావాలి. ఆవిడ రొమ్ములు దట్టమైనవి. దట్టమైనదంతా ఎక్స్‌రేలో తెల్లగా పడుతుంది, గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. సున్నం కొట్టిన గోడ మీద సుద్దతో పెట్టిన చుక్కని ఎవరు పట్టుకోగలరు? పొరలు విడదీసి ఒక్కొక్కటే చూస్తే దొరుకుతుంది.

ఆరోజు తీసింది రెండో టెక్నీషియన్. చెల్లెలు డాక్టరమ్మ వెనక, పటాలు చదివే చీకటి గదిలో నిలబడింది. డాక్టరమ్మ మౌసు చక్రం తిప్పుతుంటే పొరలు పుస్తకంలో పేజీల్లా కదిలాయి. ముప్ఫై ఒకటో పొర దగ్గర వేలు ఆగింది. లోపలివైపు, బాగా వెనక, కండరానికి ఆనుకుని, నాలుగు పక్కలకీ ముళ్ళు సాచిన తెల్లటి ముద్ద. చదువుకోనివాళ్ళకైనా అర్థమయ్యేలా ఉంది.

తర్వాత డాక్టరమ్మ, అలవాటు ప్రకారం, పాత పటాన్ని పక్కన తెరిచింది. కొలిచింది. వాలుగా తీసినదాంట్లో తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, పైనుంచి తీసినదాంట్లో ఆరున్నర. మూలన ఏడు నంబరు.

"అప్పుడు ఉందంటారా?" అంది చెల్లెలు.

"తెలీదమ్మా. వాలు పటంలో ఆ తెలుపులో కలిసిపోయి ఉండొచ్చు. ఉన్నా కనిపించేదో లేదో. కానీ పటంలోకే రానిదాన్ని నేనెలా చూస్తాను?" డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "తప్పు నాది కూడా. ఆరోజే కొలిచి వెనక్కి పంపాల్సింది. నీ నంబరు చూసి కొలవలేదు."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఈ సంగతి మీ అక్కకి చెప్పాలి. దాచే హక్కు మనకి లేదు. నేను చెప్పనా?"

"నేనే చెబుతాను డాక్టరుగారూ."

చెబుతానంది. గడ్డలోంచి ముక్క తీసే సూది పరీక్ష రోజున చెబుదామనుకుంది, అక్క తన చెయ్యి పట్టుకుని వదల్లేదు, చెప్పలేదు. ఆపరేషన్ అయ్యాక చెబుదామనుకుంది. ఎడమ రొమ్ము తీసేశారు, చంక కింద పద్నాలుగు గ్రంథులు తీస్తే తొమ్మిదింటిలో జబ్బు ఉందన్నారు, ఆరోజు ఏం చెబుతుంది? డాక్టరమ్మ రెండుసార్లు అడిగితే రెండుసార్లూ "ఈ వారం" అంది. కీమో మొదలైంది. జుట్టు రాలితే దువ్వెనకి చిక్కినదంతా చెల్లెలే ఏరి పారేసింది. తేలు కుట్టిన దొంగలా అక్క చుట్టూ తిరిగింది. పాలు కాచింది, కాళ్ళు పట్టింది, వాంతి గిన్నె కడిగింది. అక్క మాత్రం వచ్చినవాళ్ళందరికీ "చూశారా మా చెల్లెల్ని, ఏ కూతురు చేస్తుంది ఇంత?" అని మురిసిపోయేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి అక్కడే చచ్చిపోవాలనిపించేది.

మూడో కీమో అయిన వారానికి అక్క షాపు తెరిచింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందంది. ఆ శనివారం మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక చెల్లెలు షాపుకి వెళ్ళింది. అక్క తలకి గుడ్డ కట్టుకుని మిషను ముందు కూర్చుంది. కుట్టడం లేదు. టేపుని వేలికి చుడుతోంది, విప్పుతోంది.

"పొద్దున బ్యాంకావిడ వచ్చింది" అంది అక్క. "నన్ను చూడ్డానికొచ్చి నిన్ను తిట్టిపోసింది."

"నేనేం చేశాను?"

"ప్రాణం తోడేశావట. నిమ్మచెక్క పిండినట్టు పిండావట. 'మీ చెల్లెలి చెయ్యి వెన్నపూస అన్నారే, అదేం వెన్నండీ బాబూ, నాకు చుక్కలు కనిపించాయి' అంది. నేను నవ్వాను."

చెల్లెలు కూడా నవ్వబోయింది. రాలేదు.

"కిందటి నెల టీచరమ్మ కూడా అదే అంది. ఆ ముందు మేడమీది కోడలు. ఒకత్తి సుకుమారం అనుకున్నాను, ఇద్దరు సుకుమారం అనుకున్నాను. అందరూ సుకుమారమేనా?" అక్క టేపు పక్కన పెట్టింది. తల ఎత్తింది. కనుబొమలు కూడా రాలిపోయిన ఆ మొహంలో కళ్ళు మరీ పెద్దవిగా ఉన్నాయి. "అందరికీ నొప్పి పెట్టావు కదే. నాకెందుకు పెట్టలేదు?"

చెప్పడానికి నాలుగు నెలలుగా మాటలు కూడబెట్టుకుంది. ఒక్కటీ అక్కరకి రాలేదు. "నువ్వు ఆపెయ్యమన్నావక్కా" అంది. "నేను వదులు చేశాను. వెనక భాగం పటంలో పడలేదు. ఈ గడ్డ వచ్చింది అక్కడే. పడలేదని నాకు అప్పుడే తెలుసు. నువ్వు బట్టలు కట్టేసుకున్నావని మళ్ళీ తీయలేదు."

"ఎంత పడలేదు?"

ఆమె రెండు వేళ్ళు చూపించింది. దర్జీ మనిషికి కొలత చెబితే చాలు. అక్క ఆ రెండు వేళ్ళనీ చాలాసేపు చూసింది.

"నీకు పదకొండేళ్ళప్పుడు," అంది చివరికి, "కాల్లో గాజుముక్క దిగింది. గుర్తుందా? నువ్వు ఊరు లేచిపోయేలా ఏడ్చావు. నన్ను కొరికావు కూడా. నేను వదిలేశానా?"

"లేదు."

"ముక్క మొత్తం వచ్చేదాకా సూదితో తవ్వాను. నేనూ ఏడుస్తూ తవ్వాను. నేను నీ మీద ప్రేమ లేక తవ్వానంటావా?"

చెల్లెలు అక్క కాళ్ళ దగ్గర కూలబడింది. ఒళ్ళో తల పెట్టబోతే అక్క మోకాళ్ళు పక్కకి జరుపుకుంది. "లేచి ఇంటికెళ్ళు" అంది. "నాకు పనుంది." చెల్లెలు గుమ్మం దాటుతుంటే వెనక మిషను మొదలైంది. సూది కింద గుడ్డ లేదని ఆ చప్పుడే చెబుతోంది.

మన దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలకుండా ఉంటుందా అంటారు. కాలిన మూతి ఎవరిదో కూడా చూడాలి. ముద్దు పెట్టుకుంది ఒకరు, కాలింది ఇంకొకరికి.

పదిహేను రోజులు అక్క ఫోను ఎత్తలేదు. కీమోకి బ్యాంకావిడని తోడు తీసుకెళ్ళింది. చెల్లెలు ఇంటికెళ్తే తలుపు తీసింది, మంచినీళ్ళిచ్చింది, మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ఆ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చోవడం కన్నా చెంపదెబ్బ నయమనిపించింది ఆమెకి.

పదహారో రోజున మిగిలిన కుడి రొమ్ముకి ఎక్స్‌రే రాశారు. చీటీ పట్టుకుని అక్క తిన్నగా మామోగ్రామ్ గదికే వచ్చింది. చెల్లెలు గబగబా లేచి, "రెండో ఆవిడని పిలుస్తానుండు" అంది.

"ఎవరూ వద్దు. నువ్వే తియ్యి."

"నా వల్ల కాదక్కా."

"బయటివాళ్ళకి తీసినట్టు తియ్యి. నేనెవరో నీకు తెలీదనుకో."

అక్క గౌను తొడుక్కుని వచ్చి నిలబడింది. ఎడమవైపు గౌను చదునుగా వేలాడుతోంది. చెల్లెలు కుడివైపు చెయ్యి వేసింది. వెనక కండరం దాకా వేళ్ళు పోనిచ్చి ముందుకు లాగింది. కాలితో పెడల్ తొక్కింది, పలక దిగింది. చక్రం అందుకుని ఒక చుట్టు, ఇంకో చుట్టు, ఇంకో అరచుట్టు. అక్క పెదవి కొరుక్కుంది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా పలక మీద పడ్డాయి. ఈసారి ఆపెయ్యమనలేదు.

"ఊపిరి బిగపట్టండి" అంది చెల్లెలు. తెలియని మనిషికి చెప్పినట్టే చెప్పింది. "కదలకండి."

యంత్రం తల నెమ్మదిగా తిరిగింది. నాలుగు క్షణాలే, కానీ ఆ నాలుగు క్షణాలూ ఇద్దరూ ఊపిరి పీల్చలేదు.

"అయిపోయింది, వదిలెయ్యండి."

పటం వెనక అంచు దాకా, కండరం గీతతో సహా వచ్చింది. అంత మంచి పటం ఆమె పద్నాలుగేళ్ళలో తీయలేదు. డాక్టరమ్మ పొరలన్నీ తిప్పి చూసి, "ఇటువైపు ఏమీ లేదు" అంది. నిజమే, ఇటువైపు ఏమీ లేదు. పది రోజుల తర్వాత నడుంనొప్పని స్కాన్ తీస్తే జబ్బు వెన్నెముకలో ఉందని తేలింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు ఎంత పచ్చగా ఉంటే మాత్రం ఏం లాభం!

అక్క ఇంకో ఐదు నెలలు బతికింది. చెల్లెలు సెలవు పెట్టి దగ్గరే ఉంది. మాటలు మళ్ళీ మొదలయ్యాయి, కాకపోతే ఆ మాట మాత్రం ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. క్షమించానని అక్క అనలేదు. క్షమించమని అడిగే మొహం చెల్లెలికి లేదు. ఓపిక ఉన్న రోజుల్లో అక్క మంచం మీదే కూర్చుని ఏవో కుట్టేది. మెత్తటి నీలం గుడ్డ, పక్కన ముడేసుకునే తాళ్ళు, భుజం దగ్గర విడిగా తెరుచుకునే కుట్టు. పన్నెండు గౌన్లు. "మీ గదిలో పెట్టు. ఆ సంచీలు తగలెయ్యి" అంది. అంతే అంది. పన్నెండోదాని అంచు మడవకుండానే పోయింది. ఆ అంచు చెల్లెలు మడిచి కుట్టింది, కుట్టు వంకర పోయింది.

కర్మకాండ అంతా అయ్యాక ఆమె మళ్ళీ ఉద్యోగంలో చేరింది. ఆ గదిలోకి అడుగు పెట్టడానికే రెండు రోజులు పట్టింది. పెద్ద నర్సుని కలిసి వేరే పని అడిగింది. లోపల్లోపల ఒకటే భయం. ఎవరి మొహంలో నొప్పి చూసినా చెయ్యి వెనక్కి తిరుగుతుందేమో, తిరగకపోతే అక్క గుర్తొస్తుందేమో. నెలాఖరుకి మార్చుతామన్నారు.

ఆ నెలాఖరులోపే ఒకావిడ వచ్చింది. యాభై ఐదేళ్ళుంటాయి, కూరగాయల దుకాణం నడుపుతుంది, చేతులు మొరటుగా ఉన్నాయి. నీలం గౌను తొడుక్కుని వచ్చింది. వంకరకుట్టు అంచుది.

"మీరేనా దర్జీ అమ్మ చెల్లెలు?"

"అవునండీ."

"పోయేముందు నెల నేను చూడ్డానికెళ్ళాను. రెండేళ్ళుగా నా చెవిలో పోరుతోంది పాపం, ఈ ఎక్స్‌రే తీయించుకో, మా చెల్లెలి దగ్గర నొప్పుండదు అని. ఆరోజు మాత్రం వేరేలా చెప్పింది."

చెల్లెలి చెయ్యి పలక మీదే ఆగిపోయింది. "ఏం చెప్పింది?"

"'మా చెల్లెలి దగ్గరికే వెళ్ళు. బాగా నొప్పి పెడుతుంది, ఓర్చుకో' అంది. 'ఒకవేళ నొప్పి పుట్టలేదనుకో, గౌను విప్పొద్దు. దాని చెయ్యి పట్టుకుని, మళ్ళీ తియ్యమని చెప్పు. మీ అక్క చెప్పమందని చెప్పు' అంది." ఆవిడ కాస్త బెరుగ్గా నవ్వింది. "నిజంగా అంత నొప్పేనా అమ్మా?"

ఆమె మొహం అటు తిప్పుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, చేతులు కడుక్కుంది. తర్వాత వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి నిలబెట్టింది. వెనక దాకా వేళ్ళు పోనిచ్చి ముందుకు లాగింది. పలక దించింది. చక్రం ఒక చుట్టు తిప్పింది. ఇంకో చుట్టు. ఆవిడ "అమ్మా!" అని అరిచింది.

"నొప్పిగా ఉందా?"

"చాలా ఉందమ్మా."

ఆమె ఇంకో అరచుట్టు బిగించింది. "ఊపిరి బిగపట్టండి" అంది.